జెట్ పొగకు నేల మీదే కళ్లెం

లాంతరు వత్తి మరీ పైకి లేపితే చిమ్నీకి మసి పడుతుంది. కిరసనాయిలుకు తగినంత గాలి అందకపోవడమే కారణం. జెట్ యుద్ధ విమానానికి పోసేది కూడా ఇంచుమించు ఆ జాతి నూనే. ఇంజనులో నూనె, గాలి సరిగా కలవకపోతే అక్కడా మసి పుడుతుంది. వియత్నాం యుద్ధంలో అమెరికా ఫాంటమ్ విమానాలను వాటి నల్లటి పొగ చారే మైళ్ల దూరం నుంచి పట్టి ఇచ్చేది.

ఈ పొగను కొలిచే పద్ధతి తేలికే. ఇంజను వెనుక గొట్టం పెట్టి పొగను లాగి, తెల్లటి వడపోత కాగితం గుండా పంపుతారు. కాగితం ఎంత నల్లబడితే ‘పొగ సంఖ్య’ అంత ఎక్కువ. దూరం నుంచి కంటితో అంచనా కట్టడానికి రింగెల్‌మన్ పటం ఉంది. అందులో 0 అంటే తెలుపు, 5 అంటే నలుపు.

కొలవడం సరే, అదుపు చేసేదెవరు? పౌర విమానాల ఇంజన్లకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1981లో పొగ, విషవాయువుల పరిమితులు పెట్టింది. 1944 నాటి చికాగో ఒప్పందం సైనిక విమానాలకు వర్తించదు కనుక ఈ పరిమితులూ వాటికి వర్తించవు.

అయితే మరమ్మతు చేసిన ఇంజనును విమానానికి బిగించే ముందు షెడ్డులో దిమ్మకు బిగించి నడిపి చూస్తారు. కాలిఫోర్నియాలోని అమెరికా నౌకాదళ షెడ్ల నుంచి ఇలాగే నల్లటి పొగ లేచేది. రాష్ట్ర ప్రభుత్వం కోర్టుకెక్కింది. విమాన ఇంజన్ల మీద రాష్ట్రాలకు అధికారం లేదని నౌకాదళం వాదించింది. ఆ వాదన నిలవలేదు. షెడ్డు కదిలేది కాదు, ఫ్యాక్టరీ పొగగొట్టం లాంటిదే, కనుక రాష్ట్ర నిబంధనలు పాటించాల్సిందేనని 1980లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని అప్పీలు కోర్టు తేల్చింది.

పొగ తగ్గించే దారులూ ఉన్నాయి. పరీక్ష వేళ నూనెలో ఫెర్రోసీన్ అనే ఇనుప సమ్మేళనం కలిపితే మసి తగ్గుతుంది. అసలు మందు మాత్రం నూనె, గాలి బాగా కలిసేలా ఇంజనులోని మంట గదిని మార్చడమే. ఫాంటమ్ ఇంజన్లకు తర్వాత అలాగే చేశారు. ఇందులోనూ ఓ చిక్కుంది. మంట వేడి పెరిగితే మసి తగ్గుతుంది గానీ, కంటికి కనిపించని నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. అందుకే పొగ కనిపించనంత మాత్రాన గాలి శుభ్రంగా ఉందనుకోరాదు. ఈ వాయువులను పరికరాలతోనే కొలవాలి.

అదే ఇంజను ఆకాశంలోకి లేచాక దాని పొగకు అంతర్జాతీయ పరిమితి నేటికీ లేదు. పొరుగున ఉండేవారు పీల్చేది మాత్రం రెండు చోట్లా ఒకే మసి.