నిమ్మరసం నుంచి మన్యం మట్టికి

అరకు, చింతపల్లి కొండల్లో చాలాచోట్ల నేల ఎర్రన. యుగాల తరబడి కురిసిన వానలకు మట్టిలోని కాల్షియం, మెగ్నీషియం కొట్టుకుపోయి ఇనుము, అల్యూమినియం మిగిలాయి. ఇక్కడి కొండల మీద బాక్సైట్ పేరుకున్నదీ ఇలాగే. మైదానాల్లో రైతుకు చవుడు బెంగ అయితే, మన్యంలో ఆమ్లత బెంగ. ఆమ్లతను కొలిచే అంకె పీహెచ్. కాఫీకి మట్టి పీహెచ్ 6.0 నుంచి 6.5 దాకా ఉంటే మేలు. 5.5 కన్నా దిగితే అల్యూమినియం కరిగి వేళ్లను దెబ్బతీస్తుంది. వేసిన భాస్వరం మొక్కకు అందకుండా మట్టిలోనే బిగుసుకుంటుంది. కంటికి మంచి నేలా, పుల్లటి నేలా ఒకలాగే ఉంటాయి. తేడా పట్టిచ్చేది పీహెచ్ మీటరు.

ఈ పీహెచ్ కొలమానం ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో పుట్టింది. కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్‌లో పనిచేసిన రసాయనవేత్త సోరెన్‌సెన్ 1909లో దీన్ని ప్రతిపాదించాడు. అంకె ఒకటి తగ్గిందంటే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లు పెరిగాయన్న మాట. అదే ఏడాది రసాయనవేత్తలు హేబర్, క్లెమెన్‌సీవిచ్ దాన్ని కొలవగల గాజు ఎలక్ట్రోడ్ పనితీరును వివరించారు. పలచటి గాజుపొరకు అటూ ఇటూ ఆమ్లత వేరైతే చిన్న వోల్టేజి పుడుతుంది. పీహెచ్ ఒక అంకె మారితే సుమారు 59 మిల్లీవోల్టులు. టార్చిలైటు సెల్లు ఇచ్చేదాంట్లో 25వ వంతు. పైగా గాజు కరెంటును దాదాపు పోనివ్వదు. అప్పటి గాల్వనోమీటర్లకు ఆ వోల్టేజి అందాలంటే గాజు మరీ పలచగా ఉండాలి, ముట్టుకుంటే పగిలేది.

చిక్కు విడింది కాలిఫోర్నియా నిమ్మరసం వల్ల. అక్కడి పండ్ల రైతుల సంస్థలో రసాయనవేత్త గ్లెన్ జోసెఫ్. రసంలో కలిపిన సల్ఫర్ డయాక్సైడ్ ఆమ్లత చూసే లిట్మస్ రంగును తినేసేది. మిత్రుడు ఆర్నాల్డ్ బెక్‌మన్‌ను అడిగితే, ఆయన 1934లో గాజు ఎలక్ట్రోడ్‌కు వాక్యూమ్ ట్యూబుల యాంప్లిఫయర్ జోడించాడు. గాజు మందంగా, గట్టిగా ఉన్నా ఇక ఫర్వాలేదు. మరుసటి ఏడాది ఆ మీటరు 195 డాలర్లకు అమ్మకానికి వచ్చింది.

ఇప్పుడు మట్టి పరీక్ష కేంద్రాల్లో పని ఇలా సాగుతుంది. జల్లించిన మట్టి 10 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 25 మిల్లీలీటర్లు బీకరులో పోసి, మధ్యమధ్య కలుపుతూ అరగంట ఉంచుతారు. ఈలోగా పీహెచ్ ముందే తెలిసిన 4.0, 7.0, 9.2 బఫర్ ద్రావణాల్లో మీటరును సరిచూస్తారు. మీటరుకు తెలిసింది వోల్టేజే. దాన్ని ఏ అంకెగా చదవాలో బఫర్లే నేర్పాలి. బఫర్ పాతదైతే మీటరు తొణక్కుండా తప్పు చెబుతుంది. చలి సంగతీ చూడాలి. లంబసింగి వైపు శీతాకాలంలో 10 డిగ్రీలు మామూలే. ఆ చలిలో 59 కాస్తా 56 మిల్లీవోల్టులు అవుతుంది. ఉష్ణోగ్రత సవరణ మరిస్తే లెక్క తప్పినట్టే.

కాఫీ పండ్ల గుజ్జు తీశాక గింజల మీది జిగురును పులియబెట్టేటప్పుడూ ఇదే మీటరు పనికొస్తుంది. పులిసేకొద్దీ పీహెచ్ దిగుతుంది, 4.5 దరిదాపులకు వచ్చిందంటే కడగాల్సిన వేళయినట్టే.

అయితే మట్టి పరీక్షలో 5.2 అని అంకె కనబడగానే బస్తాల కొద్దీ సున్నం చల్లకూడదు. మీటరు చూపేది నీటిలోకి వచ్చిన ఆమ్లతే. బంకమన్ను, ఆకుల కుళ్లు పట్టి ఉంచినది వేరే. అందుకే అదే మట్టిని, సున్నం లెక్కకు వాడే షూమేకర్ బఫర్‌లో కలిపి, మీటరును రెండోసారి ముంచుతారు. నేల పుల్లనా కాదా అన్నది మొదటి అంకె చెబుతుంది. ఎకరాకు ఎంత సున్నం పట్టేదీ రెండోది తేలుస్తుంది.