చేవ్రాలొక్కటే చాలునా?

1974లో ఫ్రాన్సు దేశపు సుంకపు అధికారులు అండోరా సరిహద్దున ఒక లారీని ఆపి సోదా చేశారు. అందులో దొరికినవి సుమారు 40,000 తెల్లకాగితాలు. బొమ్మ అన్నది ఒక్కదానిపైనా లేదు. ప్రతిదానిపైనా సాల్వడార్ డాలీ చేవ్రాలు మాత్రం ఉన్నది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత చిత్రకళకు సైతం వర్తించిన ఘట్టమది.

డాలీ (1904–1989) స్పెయిను దేశీయుడు. 1924లో ఆంద్రే బ్రెతాఁ పారిస్‌లో ప్రకటించిన అధివాస్తవికతా సిద్ధాంతాన్ని అనుసరించి, స్వప్నలోకాన్ని పటం మీదికి దింపినవాడు. కరిగి జారే గడియారాల చిత్రం (1931) ఆయనకు విశేషఖ్యాతి తెచ్చింది. తైలవర్ణచిత్రం ఒక్కరి సొత్తు. ముద్రాచిత్రం అట్లు కాదు. రాతిమీదనో రాగిరేకుమీదనో రచించిన బొమ్మను నియమిత సంఖ్యలో అచ్చొత్తి, అంచున పెన్సిలుతో సంఖ్య వేసి, చిత్రకారుడు చేవ్రాలు చేస్తాడు. 37/150 అని ఉంటే, 150 ప్రతులలో అది 37వ సంఖ్య గల ప్రతి అని అర్థం. చిన్న సంఖ్య గలదే మేలైన ప్రతి అనుకోవడం భ్రమ.

బొమ్మకు ముందే చేవ్రాలు పుట్టగలదని తేలిన పిమ్మట, పరీక్షకుడు చేవ్రాలును చిట్టచివర చూడవలసి ఉంటుంది. మొదట కాగితాన్ని వెలుగుకు ఎత్తిపట్టి, మిల్లువారి నీటిగుర్తును గమనించాలి. చిత్రానికి చెప్పే కాలం కంటె ఆ గుర్తు తరువాతిదైతే, చేవ్రాలు ఎంత ముచ్చటగా ఉన్నా ప్రయోజనం లేదు. పిదప భూతద్దంతో చూడాలి. చుక్కలు వరుసలు తీరి కనిపిస్తే, అది సాధారణంగా ఛాయాచిత్రం నుండి యంత్రం తీసిన నకలే. రాగిరేకు అచ్చుకు చుట్టూ రేకు అంచు నొక్కుకున్న పల్లం ఉంటుంది. ఆ మీదట కొలతలనూ, ప్రతుల సంఖ్యనూ ఆల్బర్ట్ ఫీల్డ్ 1996లో వెలువరించిన డాలీ ముద్రాచిత్రాల పట్టికతో పోల్చాలి. ఎవరినుండి ఎవరికి చేరినదో తెలిపే రశీదులు ఉంటే మరింత బలం.

ఈ సాక్ష్యాలన్నీ కాగితాన్ని ఆశ్రయించి ఉన్నవే. కనుక కాగితాన్ని కాపాడటమే చిత్రాన్ని కాపాడటం. చట్రంలో ఇమడలేదని అంచులు కత్తిరించినవాడు సంఖ్యనూ, నీటిగుర్తునూ, ఒక్కొక్కప్పుడు చేవ్రాలునూ తన చేతులతోనే నరికివేస్తున్నాడు. జిగురుపట్టీలు తగిలించరాదు, వాటి మరక తొలగించడం దుస్సాధ్యం. వెనుక మామూలు అట్టగాని చెక్కగాని ఉంచితే, వాటిలోని ఆమ్లం కాగితాన్ని పండువారజేస్తుంది. ఆమ్లరహితమైన అట్టయే తగినది. అద్దం బొమ్మను తాకరాదు. ఎండ తగిలే గోడ, తేమ ఊరే గోడ రెండూ శత్రువులే: మొదటిది రంగును హరిస్తుంది, రెండవది గోధుమవన్నె మచ్చలను, బూజును తెస్తుంది.

తాళపత్ర ప్రతులను పరిష్కరించే పండితులకు ఈ పద్ధతి కొత్త కాదు. ఆశ్వాసాంత గద్యలో మహాకవి పేరున్నంత మాత్రాన వారు కావ్యాన్ని ఆయనకు కట్టబెట్టరు. ఆకును, లిపిని, భాషను, ఇతర ప్రతులను విచారించిన పిదపనే నోరు విప్పుతారు. విద్యార్థి గ్రహించవలసిన వివేకమూ ఇదే. పేరు చెప్పేది మొదటి మాట మాత్రమే. తీర్పు చెప్పవలసినది ప్రతి.