శోథను అణచు కణములు

ముల్లు గ్రుచ్చుకొనిన వ్రేలు ఎఱ్ఱబడును, వేడెక్కును, వాచును, నొప్పి పుట్టును. ఈ లక్షణములు కలిసిన స్థితిని వైద్యులు శోథ అందురు. క్రిములపై తెల్లకణములు సాగించు పోరాటమునకు అది చిహ్నము. పోరాటము సకాలమున ఆగనిచో, ఆ కణములే సొంత దేహమును పాడుచేయును. దానిని ఆపునవి యేవి?

తెల్లకణములలో టి కణములను ఒక జాతి కలదు. అందు తక్కినవానిని అదుపుచేయు ప్రత్యేకమైన తెగ యున్నదని 1995లో జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగూచి ఎలుకలయందు నిరూపించెను. ఫాక్స్‌పి3 అను జన్యువు చెడిన ఎలుకలకు ప్రాణాంతక వ్యాధి కలుగుననియు, మగశిశువులకు వచ్చు ఐపెక్స్ వ్యాధికిని అదియే మూలమనియు 2001లో అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ప్రకటించిరి. నియంత్రక కణములను తీర్చిదిద్దునది ఆ జన్యువేయని 2003లో తేలెను. ఈ మువ్వురకు 2025లో నోబెల్ బహుమానము లభించినది.

అయితే ఈ కణములు ఉన్నంత మాత్రమున చాలదు; కావలసిన చోటికి చేరవలెను. వానికి దారి చూపునవి కణపు పొరపై నుండు గ్రాహకములు. అవయవములు విడుచు రసాయన సంకేతములను ఇవి పట్టును. థైమస్ గ్రంథినుండి క్రొత్తగా వెలువడిన నియంత్రక కణములు సిసిఆర్7 అను గ్రాహకముతో శోషరస గ్రంథులను చేరి, దాడిని మొదటనే అణచును. ప్రేరణ పొందిన పిదప వేరు గ్రాహకములను ధరించును. సిసిఆర్9 గలవి చిన్నప్రేవులకు, సిసిఆర్4 గలవి చర్మమునకు, సిఎక్స్‌సిఆర్3 గలవి శోథ ప్రబలిన కొన్ని అవయవములకు పోవును. ప్రేవులకు దారి చూపు గ్రాహకమును కలిగించునది విటమిన్ ఏ నుండి పుట్టు ఒక ఆమ్లము. మనము తినెడి ఆకుకూరలకు ఇందు పాత్ర కలదన్నమాట!

గమ్యము చేరిన కణములు పోరాట కణములకు ప్రాణాధారమైన ఇంటర్‌ల్యూకిన్-2ను తామే పీల్చుకొనును; ఇంటర్‌ల్యూకిన్-10 వంటి శాంతకరములను విడుచును. ఎలుకలకు పరాయి క్లోమకణములను నాటి చేసిన పరిశోధనయొకటి 2009లో వెలువడినది. అందు నియంత్రక కణములు మొదట నాటిన చోటికి, పిమ్మట సమీప శోషరస గ్రంథికి చేరుట కనబడెను. ఈ ప్రయాణమున ఏ మజిలీ తప్పినను రక్షణ కుంటువడెను.

ఈ సంచారమే ఒక్కొక్కప్పుడు కీడునకు దారితీయును. కొన్ని కేన్సరు కంతులు సిసిఆర్4 పట్టెడి సంకేతమును విడిచి నియంత్రక కణములను తమచుట్టు చేర్చుకొనును. అప్పుడు కంతిపై జరుగవలసిన దాడియే ఆగిపోవును. అందుచేత నేటి వైద్యులయెదుట రెండు పనులున్నవి: సొంత దేహముపై దాడి జరుగు వ్యాధులలో ఈ కణములను రోగస్థానమునకు చేర్చుట, కేన్సరులో కంతినుండి తొలగించుట. రెండింటికిని ప్రయోగములు సాగుచున్నవి. దేహమంతటను రోగనిరోధమును అణచు మందులకు బదులు, అవసరమైన చోటనే శోథను శమింపజేయు చికిత్స వీనివలన లభించునని మనము ఆశింపవచ్చును.