ఉపవాసం ఎవరుండాలి?

పెద్దపేగులో కణితి ఉందని తేలిన ఒక సంఘ పెద్దను పరామర్శించడానికి మేము వెళ్లేసరికి ఆపరేషన్ ఇంకా మూడు రోజులుంది. ఆయన అప్పటికే ఉపవాస ప్రార్థన మొదలుపెట్టారు. ఇంటిల్లిపాదీ ఆయనతోపాటే పస్తున్నారు. అది తెలిసి మత్తు డాక్టరు మందలించారు. ‘ఉపవాసం మీరుండండి, ఈయన్ని మాత్రం తిననివ్వండి’ అన్నారు. ఇంట్లోవాళ్లు నొచ్చుకున్నారు గాని, మాకు ఆ మాట సబబుగానే తోచింది.

పేగును కోసి అతికించిన చోటు మానాలంటే ఒంట్లో మాంసకృత్తులుండాలి. అందుకే ఆపరేషన్ తప్పదని తెలిసిన నాటి నుంచే గుడ్డు, పప్పు, పాలు బాగా తినమంటారు. రక్తం తక్కువుంటే ముందే సరిచేస్తారు. చుట్ట, సిగరెట్ కనీసం 4 వారాల ముందే మానాలి. రోజూ కొంత నడవాలి, ఊపిరితిత్తుల వ్యాయామం చేయాలి. 1990లలో డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ చూపిన దారి తర్వాత పాత పద్ధతులెన్నో మారాయి. అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టరాదన్న నియమం సడలింది. మామూలుగా గట్టి ఆహారం మత్తుకు 6 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపితే చాలు. (పాలు, మజ్జిగ నీళ్ల లెక్కలోకి రావు.) షుగరున్నవారికీ, పేగు మూసుకుపోయినవారికీ వేరే జాగ్రత్తలుంటాయి కనుక తమ డాక్టరు మాటే వినాలి. పేగు శుభ్రం కావడానికి కొందరికి విరేచనాల మందు కలిపిన నీళ్లు లీటర్ల కొద్దీ తాగిస్తారు. ఆ రాత్రి ముసలివారిని మరుగుదొడ్డికి ఒంటరిగా పంపకూడదు.

ఇవన్నీ ఎలాగో జరిగిపోతాయి. మనసు సంగతే కష్టం. మలం బయటికి పోవడానికి పొట్టమీద దారి తీసి సంచి తగిలించవలసి రావచ్చని డాక్టర్లు కొడుకులకు చెప్పారు. కొడుకులు తండ్రికి చెప్పలేదు. మన ఇళ్లలో దీన్ని ప్రేమ అనుకుంటాం. మర్నాడు నర్సమ్మ వచ్చి ఆయన్ని కూర్చోబెట్టి, నిలబెట్టి, పడుకోబెట్టి, లుంగీ ముడి తగలని చోట పెన్నుతో గుర్తు పెట్టింది. ‘ఇదెందుకమ్మా?’ అని ఆయన అడిగారు. కొడుకులు తలలు దించుకున్నారు.

ఆమే నిదానంగా చెప్పింది. కొందరికి సంచి కొన్ని నెలలే ఉంటుంది, కొందరికి జీవితాంతం. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఆరాధనలో వాసన వస్తే?’ అని మమ్మల్ని అడిగారు. మా దగ్గర జవాబు లేదు.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 1958లో సర్జన్ రూపర్ట్ టర్న్‌బుల్ ఇలాంటి రోగులకు నేర్పడానికి నార్మా గిల్ అనే ఆవిడను పెట్టుకున్నారు. ఆమె డాక్టరు కాదు, నర్సు కాదు. స్వయంగా అలాంటి సంచితో బతుకుతున్న మనిషి.

ప్రార్థన మనవి విని సాయంత్రం మా సంఘస్థుడొకాయన వచ్చారు. ఎన్నో ఏళ్లుగా మా పక్క బెంచీమీదే కూర్చునే ఆయనకు సంచి ఉందని మాకెవరికీ తెలియదు. తలుపు వేసుకుని ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. తలుపు తీశాక పెద్దాయన ఇడ్లీ తెమ్మన్నారు.