అమ్మానాన్నలు లేని పెళ్లి ఫొటో: కులాంతర జంటలు వీసాకు రుజువులు ఎలా కూడగట్టుకోవాలి?

పెళ్లి ఫొటోల్లో అమ్మాయి తల్లిదండ్రులు లేరు. శుభలేఖ అచ్చు వేయించలేదు. రిసెప్షన్ జరగలేదు. సాక్షి సంతకాలు పెట్టింది యూనివర్సిటీ హాస్టల్ మిత్రులు. ఇలాంటి పెళ్లి మన దగ్గర ఎందుకు జరుగుతుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయితే ఇవే సంగతులు అమెరికా వీసా అధికారి బల్ల మీదకు చేరితే వేరే అర్థం వస్తుంది. వీసా కోసం కుదుర్చుకునే బోగస్ పెళ్లిళ్లు కూడా తొందరగా, గుట్టుగా, పెద్దలు లేకుండానే జరుగుతాయి. కుల దురహంకారానికి భయపడి గుట్టుగా చేసుకున్న పెళ్లి, డబ్బు కోసం గుట్టుగా చేసుకున్న పెళ్లి కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి. ఆ తేడా చూపించే భారం జంట మీదే ఉంటుంది.

అమెరికాలో పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్నవారు ఇండియాలో ఉన్న భర్తను లేదా భార్యను తీసుకెళ్లాలంటే ముందు ఐ-130 అనే పిటిషన్ వేయాలి. అది అక్కడి ఇమిగ్రేషన్ శాఖలో ఆమోదం పొందాక కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ఉంటుంది. రెండు చోట్లా అడిగే అసలు ప్రశ్న ఒక్కటే: పెళ్లి చేసుకున్న రోజున ఈ ఇద్దరికీ కలిసి బతకాలన్న ఉద్దేశం ఉందా? అమెరికా కోర్టు 1975లో బార్క్ కేసులో, ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు 1983లో లౌరియానో కేసులో ఖాయం చేసిన కొలమానం ఇది. పెళ్లి ఘనంగా జరిగిందా, పెద్దలు ఒప్పుకున్నారా అని చట్టం అడగదు.

మరి చిక్కు ఎక్కడ వస్తుంది? అక్కడి నిబంధనలు రుజువులుగా చెప్పే జాబితాలో ఉమ్మడి ఆస్తి, ఇద్దరి పేర్లతో ఇంటి అద్దె ఒప్పందం, కలిసిన బ్యాంకు లావాదేవీలు, పిల్లల జనన ధ్రువపత్రాలు, పెళ్లి గురించి స్వయంగా తెలిసినవారి అఫిడవిట్లు ఉంటాయి. ఒకే ఇంట్లో కాపురం చేస్తున్న జంటకు ఇవి సులువే. ఒకరు డాలస్‌లో, ఇంకొకరు ఖమ్మంలో ఉంటే మొదటి మూడూ దాదాపు ఉండవు. అప్పుడు బరువంతా పెళ్లి తంతు మీద, రెండు కుటుంబాల మీద పడుతుంది. పెద్దలు కుదిర్చిన పెళ్లికి అయిదు వందల ఫొటోలు ఉంటాయి, బంధువులంతా వాటిలో ఉంటారు. కుటుంబాన్ని ఎదిరించిన జంటకు ఉండేవి సెల్‌ఫోన్‌లో తీసిన పది ఫొటోలు. కులం అనే మాట ఎక్కడా రాకుండానే కులం ఫైల్లోకి వచ్చి కూర్చుంటుంది.

ముందు పెళ్లి చట్టం ముందు నిలబడాలి

రుజువుల సంగతికి ముందు, అసలు పెళ్లి చెల్లుతుందా అన్నది చూసుకోవాలి. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద చేసుకుంటే మతంతో, తంతుతో పని లేదు. ముగ్గురు సాక్షులు చాలు. ఇచ్చే సర్టిఫికెట్ పెళ్లికి తిరుగులేని సాక్ష్యమని చట్టమే చెబుతోంది. కానీ 30 రోజుల నోటీసు ఉంది. దాన్ని వివాహ అధికారి ఆఫీసులో అంటిస్తారు. జంటలో ఎవరికైనా శాశ్వత చిరునామా వేరే జిల్లాలో ఉంటే ఆ జిల్లా అధికారికీ పంపుతారు. ఆ కాగితం ఊరికి చేరితే ఏమవుతుందో మిర్యాలగూడ తర్వాత ఎవరికీ వివరించనవసరం లేదు. నోటీసు ప్రచురణ జంట ఇష్టమని అలహాబాద్ హైకోర్టు 2021 జనవరిలో చెప్పింది గానీ, మన రిజిస్ట్రార్ ఆఫీసుల్లో ఆ తీర్పును చూపి గట్టెక్కవచ్చని నమ్మకం పెట్టుకోవద్దు.

అందుకే చాలామంది ఆర్య సమాజ్‌కో గుడికో పరుగెడతారు. తప్పు పట్టలేం, ప్రాణభయం అలాంటిది. అయితే ఆర్య సమాజ్ ఇచ్చే కాగితం ఒక్కటే సరిపోదు. పెళ్లి సర్టిఫికెట్లు ఇవ్వడం దాని పని కాదని సుప్రీంకోర్టు 2022లోనే వ్యాఖ్యానించింది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ తప్పనిసరిగా చేయించుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన చట్టం ప్రకారం ఎలాగూ ప్రతి పెళ్లినీ రిజిస్టర్ చేయాల్సిందే.

2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన డాలీ రాణి తీర్పును ఉద్యమ మిత్రులు తప్పక చదవాలి. హిందూ వివాహ చట్టం కింద సంప్రదాయ తంతు జరగకపోతే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉన్నా అది పెళ్లి కాదని కోర్టు తేల్చింది. వీసా కోసం ముందే రిజిస్టర్ చేయించుకుని, పెళ్లి తర్వాత చేసుకుందామనుకునే అలవాటును కూడా ప్రత్యేకంగా ప్రస్తావించింది. మనం గర్వంగా చేసుకునే స్టేజీ పెళ్లిళ్లు, పురోహితుడు లేని దండల పెళ్లిళ్ల మీద దీని ప్రభావం ఉంది. తమిళనాడులో ఆత్మగౌరవ వివాహాలకు 1967 సవరణ రక్షణ ఇస్తోంది. తెలుగు రాష్ట్రాలకు అది వర్తించదు. కాబట్టి అంబేడ్కర్ పటం ముందు దండలు మార్చుకున్న జంట ప్రత్యేక వివాహ చట్టం 15వ సెక్షన్ కింద ఆ పెళ్లిని రిజిస్టర్ చేయించుకోవడం క్షేమం. దానికీ నోటీసు ఉంటుంది, కానీ అప్పటికి పెళ్లి జరిగిపోయి, ఇద్దరూ భద్రమైన చోట ఉండే అవకాశం ఎక్కువ.

చర్చికి వెళ్లే దళిత కుటుంబాల్లో ఇంకో ముడి ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా సర్టిఫికెట్‌లో హిందువు, బతుకులో క్రైస్తవం. అలాంటివారు హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకుంటే తర్వాత ఎవరైనా సవాలు చేయవచ్చు. క్రైస్తవ యువకుడు, హిందూ యువతి గుడిలో చేసుకున్న పెళ్లి హిందూ వివాహ చట్టం కింద చెల్లదని 2008 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు మన ఆంధ్రప్రదేశ్‌దే. ఫొటోల్లో చర్చి, సర్టిఫికెట్‌లో హిందూ చట్టం ఉంటే వీసా అధికారి కూడా అడుగుతారు. ఈ ముడి ఉన్నవారికి ప్రత్యేక వివాహ చట్టమే దారి.

వ్యతిరేకత మిగిల్చిన కాగితాలు

ఇప్పుడు అసలు విషయం. పెద్దల ఆమోదం లేని జంటకు రుజువులు తక్కువని మనమే అనేసుకుంటాం. నిజానికి వీళ్ల దగ్గర మిగతావారికి లేని రుజువులు ఉంటాయి. వాటిని అవమానంగా భావించి దాచేస్తారు, కొందరైతే చింపేస్తారు.

అమ్మాయి కనిపించడం లేదని తండ్రి ఇచ్చిన ఫిర్యాదు, దాని మీద ఎఫ్ఐఆర్. మేజిస్ట్రేట్ ముందు ఆమె ఇచ్చిన వాంగ్మూలం. పాత చట్టంలో 164, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 183 సెక్షన్. అందులో ‘నేను మేజర్‌ని, నా ఇష్టంతోనే పెళ్లి చేసుకున్నాను’ అన్న మాట ఉందంటే, ఒక న్యాయాధికారి ముందు, తేదీతో సహా, వీసా ఊసు కూడా లేని రోజున చెప్పిన సాక్ష్యం అది. హైకోర్టులో వేసిన హెబియస్ కార్పస్, అందులో వచ్చిన ఉత్తర్వు. రక్షణ కోరుతూ ఎస్పీ ఆఫీసులో ఇచ్చిన అర్జీ, దాని రసీదు. స్టేషన్‌లో ఇరువైపుల పెద్దలను పిలిచి కౌన్సెలింగ్ చేసినప్పుడు రాయించుకున్న కాగితం. దాడి జరిగి ఉంటే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు, ఆసుపత్రి రికార్డు. చివరికి జిల్లా ఎడిషన్‌లో ‘పోలీసులను ఆశ్రయించిన ప్రేమజంట’ అని వచ్చిన నాలుగు లైన్ల వార్త, దండలతో ఉన్న ఆ మసక ఫొటో కూడా పనికొస్తుంది. పేపరు పేరు, తేదీ కనిపించేలా మొత్తం పేజీ దాచుకోవాలి.

వీసా కోసం నాటకమాడేవారు ఇంత దూరం రారు. ఇల్లు వదులుకుని, కేసులు మోసి, ప్రాణానికి తెగించి చేసే బోగస్ పెళ్లి ఉండదు. ఈ కాగితాలన్నీ వరసలో పెడితే అధికారికి అర్థమయ్యేది అదే.

ఒక జాగ్రత్త. కిడ్నాప్ కేసు పెట్టి ఉంటే అది పోలీస్ క్లియరెన్స్‌లో తేలవచ్చు. వీసా ఫారంలో అరెస్టుల గురించి, కేసుల గురించి అడిగిన చోట ఉన్నది ఉన్నట్టు రాయాలి. కేసు మూసేసి ఉంటే, హైకోర్టు కొట్టేసి ఉంటే ఆ ఉత్తర్వుల సర్టిఫైడ్ కాపీలు ముందే తెచ్చుకోవాలి. దాచి దొరికిపోవడం కేసు కన్నా ప్రమాదం.

ప్రభుత్వం ఇచ్చే కులాంతర వివాహ ప్రోత్సాహకం సంగతీ చాలామందికి తట్టదు. తెలంగాణలో 2019 నుంచి ఇది 2.5 లక్షల రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 అక్టోబర్‌లో మొదలైన కళ్యాణమస్తు కింద ఎస్సీ, ఎస్టీల కులాంతర పెళ్లిళ్లకు 1.2 లక్షలుగా పెట్టారు. డబ్బు చేతికొచ్చిందా లేదా అన్నది వేరే పోరాటం. దరఖాస్తు, విచారణ నివేదిక, మంజూరు ఉత్తర్వు మాత్రం మీ పెళ్లిని ప్రభుత్వమే విచారించిందని చెప్పే పత్రాలు.

మిగతావి రోజువారీ కాగితాలు. అద్దె దగ్గరే ఇబ్బంది. హైదరాబాద్‌లో కులం చెప్పి ఇల్లు సంపాదించడం ఎంత కష్టమో తెలిసిందే, దొరికినచోట ఒప్పందం రాసివ్వరు. ఆన్‌లైన్‌లో కట్టిన అద్దె, ఒకే చిరునామాతో ఇద్దరి ఆధార్లు, గ్యాస్ బిల్లు, పాస్‌పోర్టులో చేర్చిన జీవిత భాగస్వామి పేరు, బీమాలో, పీఎఫ్‌లో నామినీ... ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. దూరంగా ఉన్నవారైతే టికెట్లు, బోర్డింగ్ పాసులు, పంపిన డబ్బుల వివరాలు. వాట్సాప్ చాట్ మొత్తం ప్రింట్ తీసి వేల పేజీలు పంపితే ఎవరూ చదవరు. నెలకు ఒకటి రెండు పేజీల చొప్పున, పెళ్లికి ముందు నుంచి ఇప్పటిదాకా తీస్తే చాలు. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ పూర్తి ఇంగ్లిష్ అనువాదం, అనువదించినవారి సంతకంతో ధ్రువీకరణ జత చేయాలి.

కులాన్ని పేరు పెట్టి చెప్పాలి

ఇవన్నీ ఉన్నా, వీటిని కలిపే ఒక వివరణ పత్రం లేకపోతే అధికారికి కథ అర్థం కాదు. జంట ఇద్దరూ చెరొకటి రాయాలి. కులం అన్న మాట అధికారికి తెలిసే ఉంటుంది. మాదిగ అబ్బాయిని చేసుకున్న రెడ్డి అమ్మాయికి పుట్టింటి గుమ్మం ఎందుకు మూసుకుపోతుందో తెలియకపోవచ్చు. ‘కుటుంబ కారణాల వల్ల పెద్దలు రాలేదు’ అని మర్యాదగా రాస్తే అది అనుమానాన్నే పెంచుతుంది. ‘నా భర్త షెడ్యూల్డ్ కులానికి చెందినవాడు కాబట్టి నా తల్లిదండ్రులు పెళ్లిని ఒప్పుకోలేదు. ఫలానా తేదీన ఫలానా స్టేషన్‌లో ఫిర్యాదు చేశారు. కాపీ జతచేశాను’ అని సూటిగా రాయాలి. ఏడుపు అక్కర్లేదు, తేదీలు కావాలి.

అఫిడవిట్లు ఇచ్చే మిత్రుల విషయంలోనూ అంతే. ‘వీరిది నిజమైన పెళ్లి అని నమ్ముతున్నాను’ అనే ఒకే వాక్యాన్ని పదిమందితో రాయిస్తే విలువ ఉండదు. రాసేవారి పూర్తి పేరు, చిరునామా, పుట్టిన తేదీ, ఊరు, జంటతో పరిచయం, కళ్లారా చూసిందేమిటి అన్నవి ఉండాలి. పెళ్లి రాత్రి తన గదిలో ఆశ్రయం ఇచ్చిన హాస్టల్ మిత్రుడు, రిజిస్ట్రార్ ఆఫీసుకు తోడొచ్చిన లాయరమ్మ, స్టేషన్ దగ్గర కాపలా కాసిన సంఘం నాయకుడు, వీళ్లే అసలైన సాక్షులు. విద్యార్థి సంఘాల్లో ఉన్నవారికి నా మనవి ఇదే: ఇలాంటి పెళ్లి జరిపించిన రోజునే తేదీ వేసి సాక్షుల వాంగ్మూలాలు రాసిపెట్టండి. నాలుగేళ్ల తర్వాత ఎవరు ఎక్కడుంటారో తెలియదు.

అబ్బాయి వైపు అమ్మానాన్నలు అండగా ఉంటే వాళ్లను ఫొటోల్లో, అఫిడవిట్లలో ముందుకు తేవాలి. చదువుకోని తల్లి వేలిముద్ర వేసిన అఫిడవిట్ అయినా, ఆమెకు చదివి వినిపించారన్న ధ్రువీకరణ ఉంటే పనికొస్తుంది.

ఇక ఏజెంట్లు. ‘ఫొటోలు తక్కువున్నాయి, ఫంక్షన్ హాల్ మాట్లాడి మళ్లీ పెళ్లి చేద్దాం, అమ్మానాన్నలుగా మనుషుల్ని పెడతాం’ అనేవాళ్లు ఉన్నారు. నిజమైన పెళ్లిని అబద్ధంగా మార్చేది ఆ సలహానే. మోసపూరిత వివరాలిచ్చారని తేలితే అమెరికా ప్రవేశంపై జీవితకాల నిషేధం దాకా వెళ్లవచ్చు. బోగస్ పెళ్లి అన్న ముద్ర ఒకసారి పడితే ఆ తర్వాత ఇంకెవరు పిటిషన్ వేసినా ఆమోదించకూడదని అక్కడి చట్టం.

ఇంటర్వ్యూలో అనుమానం తీరకపోతే 221(జీ) కింద మరిన్ని పత్రాలు అడుగుతారు. అప్పటికీ తీరకపోతే పిటిషన్‌ను వెనక్కి పంపుతారు, దానికి జవాబు చెప్పుకోవడానికి నెలలు పడుతుంది. అందుకే దాచుకున్నవన్నీ ఐ-130తోనే పెట్టడం మేలు.

అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే వచ్చేది రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డే. గడువు తీరే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 వేసి, కాపురం నిజమేనని మళ్లీ చూపాలి. భర్త హింసిస్తుంటే మాత్రం ఆయన సంతకం లేకుండా భార్య ఒక్కతే ఆ దరఖాస్తు వేసుకోవచ్చు. పెళ్లి నిజాయితీగానే చేసుకున్నానని అప్పుడూ ఆమే రుజువు చేయాలి. పుట్టింటి దారి మూసుకుపోయిన అమ్మాయి విమానం ఎక్కే ముందే ఆ ఫైలు మొత్తానికి తన సొంత కాపీ ఒకటి, తనకు మాత్రమే పాస్‌వర్డ్ తెలిసిన ఈమెయిల్‌లో పెట్టుకోవాలి.