అడుగున రెండు వేళ్ల జాగా

ల్యాప్‌టాప్‌ బ్యాగు కొనడానికి వెళ్లేటప్పుడు ల్యాప్‌టాప్‌ని కూడా వెంట తీసుకెళ్లండి. అబిడ్స్‌లో కొన్నా, బెజవాడ బీసెంట్‌ రోడ్డులో కొన్నా ఇదే మాట. నచ్చిన బ్యాగులో దాన్ని పెట్టి, జిప్పు వేసి, కౌంటరు బల్ల మీదికి నెమ్మదిగా దించండి. ‘టక్‌’మని గట్టి చప్పుడు వచ్చిందా, ఆ బ్యాగు ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టేయండి. ల్యాప్‌టాప్‌ అంచుకీ బల్లకీ నడుమ గుడ్డ తప్ప ఇంకేమీ లేదని ఆ చప్పుడే చెబుతోంది.

దుకాణంలో మన చూపు ముందుగా రంగు మీదికీ, అరల లెక్క మీదికీ పోతుంది. నీళ్ల సీసా పెట్టే జేబుందా, ఛార్జింగ్‌ తీగ బయటికి తీసే రంధ్రముందా అని వెతుకుతాం. కాపాడే పని జరిగేది మాత్రం లోపల. అడుగున, నాలుగు మూలల్లో. ఈ రెండు చోట్లా ఏమీ లేని బ్యాగులు పైన పటారం లోన లొటారమే. బాగా కుట్టిన బ్యాగులో ల్యాప్‌టాప్‌ పెట్టే అర బ్యాగు అడుగుదాకా దిగదు. రెండు వేళ్లు పట్టేంత జాగా వదిలి పైనే ఆగిపోతుంది. బస్సు దిగే తొందరలో బ్యాగును విసురుగా నేల మీద పడేసినా, ఆ జాగా నలిగాకే దెబ్బ యంత్రం దాకా వెళ్తుంది.

దీని వెనకున్న లెక్క హైస్కూలు పిల్లలకూ అందేదే. పడే వస్తువు ఎంత ఎత్తు నుంచి పడిందన్నది ఒక సంగతి, నేలను తాకాక ఎంత దూరంలో ఆగిందన్నది ఇంకో సంగతి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే దెబ్బ తీవ్రత తెలుస్తుంది. 75 సెంటీమీటర్ల ఎత్తున్న బల్ల మీద నుంచి పడి, పలచటి గుడ్డలో 3 మిల్లీమీటర్లలోపే ఆగిపోతే, యంత్రం మీద పడే సగటు బలం దాని బరువుకు సుమారు 250 రెట్లు. ఒకటిన్నర కిలో ల్యాప్‌టాప్‌ అయితే 375 కిలోల బరువు ఒక్క క్షణం ఒకే మూల మీద మోపినట్టు. అదే దెబ్బను స్పాంజి 15 మిల్లీమీటర్లు నలుగుతూ ఆపిందంటే 50 రెట్లకు తగ్గుతుంది. ఆ 12 మిల్లీమీటర్ల తేడాకే మనం డబ్బు పెట్టాలి.

స్పాంజి మందంగా ఉన్నంత మాత్రాన సరిపోదు. బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. వేలు సులువుగా అవతలి గట్టితనాన్ని తాకితే అది దిండులోకి పనికొస్తుంది గానీ దెబ్బ ఆపలేదు. కొంచెం ఎదురు తిరుగుతూ నలిగి, వేలు తీయగానే మళ్లీ పైకి లేచేది కావాలి. ఇప్పటికే బ్యాగు ఉండి, దానికి అడుగు లేకపోతే కొత్తది కొనే ముందు అటక మీద వెతకండి. ల్యాప్‌టాప్‌ కొన్నప్పుడు డబ్బాలో రెండు పక్కలా తెల్లగానో నల్లగానో ఫోమ్‌ ముక్కలు వచ్చే ఉంటాయి. థర్మాకోల్‌లా పొడిపొడి కాకుండా రబ్బరులా వంగే రకమైతే, దాన్ని అడుగు కొలతకు కోసి ల్యాప్‌టాప్‌ అర కింద పరచండి. నగరంలో హాస్టల్‌కు వెళ్తున్న పిల్లలకు ఈ పని ఇంట్లో వాళ్లే చేసి పంపవచ్చు. నాలుగేళ్ల చదువుకు ఒకే ఒక్క ల్యాప్‌టాప్‌ కొనివ్వగలిగిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. ఈ కథనం మొదట వాళ్లకోసమే.

కిందపడటం ఒక్కటే ప్రమాదమనుకుంటే సగమే తెలుసుకున్నట్టు. ఎక్కడా పడకుండానే, జిప్పు తీసేసరికి తెర మీద నల్లటి మరక, దాని చుట్టూ సాలెగూడులాంటి గీతలు కనిపించే సందర్భాలున్నాయి. అది నొక్కుడు వల్ల. ల్యాప్‌టాప్‌ మూత చాలా పలచన. దాని వెనకే ఛార్జర్‌ ఇటుకను కుక్కి, ముందు అరలో టిఫిన్‌ డబ్బా పెట్టి, జిప్పు బలవంతంగా లాగితే ఆ ఒత్తిడంతా అరచేయంత చోట తెర మీద పడుతుంది. శుక్రవారం రాత్రి మియాపూర్‌ నుంచో లక్డీకాపూల్‌ నుంచో బయల్దేరే బస్సుల్లో సామాను అర చూడండి. అడుగున బ్యాగు, దాని మీద ఇంకొకరి సూట్‌కేసు, ఆపైన పచ్చళ్ల డబ్బా. తెల్లవారి రాజమండ్రిలో దిగేదాకా ఆ బరువు కింది బ్యాగు మీదే. నూజివీడు తోటల్లో మామిడికాయలు పెట్టెల్లో సర్దేవాళ్లు కాయకూ కాయకూ మధ్య గడ్డి వేసేది ఈ నొక్కుడు భయంతోనే. ఛార్జర్‌కు, మౌస్‌కు బ్యాగులో వేరే అర ఉండాలి. అది ల్యాప్‌టాప్‌ మూత వైపు కాకుండా దూరంగా, వీలైతే అడుగున ఒక పక్కగా ఉండాలి. పడుకునే బెర్తులో ల్యాప్‌టాప్‌ బ్యాగునే తలకింద దిండుగా పెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. దొంగల భయం నిజమే. అయినా తల బరువు రాత్రంతా తెర మీద మోపడం కన్నా, బ్యాగును తలకూ గోడకూ మధ్య నిలువుగా పెట్టి, పట్టీని చేతికి చుట్టుకోవడం మంచిది.

ఒకప్పుడు ఈ బెడద లేదు, కంప్యూటరే పెట్టె. 1981లో మార్కెట్లోకి వచ్చిన ఆస్బోర్న్‌ 1 బరువు 11 కిలోలు. అయిదంగుళాల తెర, మూతగా బిగిసిపోయే కీబోర్డు, పైన పట్టుకోవడానికి పిడి. విమానంలో సీటు కింద పట్టాలన్న లెక్కతోనే దాన్ని చేశారు. చేయించిన ఆడమ్‌ ఆస్బోర్న్‌ చిన్నతనం గడిచింది తిరువణ్ణామలైలో. తండ్రి ఆర్థర్‌ ఆస్బోర్న్‌ రమణ మహర్షి జీవితం మీద పుస్తకాలు రాసిన భక్తుడు. ఆ యంత్రం మోయడానికి కష్టమే గానీ, కవచం దానితోనే పుట్టింది. తర్వాత యంత్రాలు పలచబడుతూ వచ్చాయి. ఇప్పుడు కాస్త మందంగా కనిపిస్తే చాలు లావుగా ఉందనుకుంటున్నాం. బరువు తగ్గించుకున్న కొద్దీ కాపాడే బాధ్యత యంత్రం నుంచి బ్యాగుకు మారింది.

విమాన ప్రయాణికులకు ఆ బాధ్యత ఎంతటిదో 2017 మార్చిలో తెలిసొచ్చింది. పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాల్లోని 10 విమానాశ్రయాల నుంచి నేరుగా అమెరికా వెళ్లే విమానాల్లో ఫోను కన్నా పెద్ద ఎలక్ట్రానిక్‌ వస్తువులు క్యాబిన్‌లోకి తేవద్దని అమెరికా ఆదేశించింది. దుబాయి, అబుదాబి, దోహా ఆ జాబితాలో ఉన్నాయి. హైదరాబాద్‌ నుంచి అమెరికా వెళ్లే తెలుగువాళ్లలో ఎందరో విమానం మారేది అక్కడే. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను సామాను గదిలో వేయాల్సి రావడం ఆ వసంతంలో చాలా కుటుంబాలకు పెద్ద గుబులు. ఎమిరేట్స్‌ సంస్థ విమానం ఎక్కే గేటు దాకా ల్యాప్‌టాప్‌ వాడుకోనిచ్చి, అక్కడ పెట్టెల్లో భద్రంగా సర్ది కిందికి పంపే ఏర్పాటు చేసింది. జులైకల్లా ఒక్కో విమానాశ్రయానికీ ఆ నిషేధం తొలగింది.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌ను చేతి సామానులోనే తీసుకెళ్లడం మంచిది. లోపలున్న లిథియం బ్యాటరీ దెబ్బతిని రాజుకుంటే క్యాబిన్‌లో మనుషులు చూసి ఆర్పగలరు, సామాను గదిలో ఆ వీలు తక్కువ. పవర్‌ బ్యాంకులైతే చెక్‌ఇన్‌ సామానులో అసలే వేయకూడదు. 100 వాట్‌ అవర్ల దాకా చేతి సామానులో అనుమతి ఉంది, అంతకు మించి 160 దాకా అయితే విమాన సంస్థ ఒప్పుకోవాలి. 20,000 మిల్లీ యాంపియర్‌ అవర్ల పవర్‌ బ్యాంకు 74 వాట్‌ అవర్లు కాబట్టి దిగులు లేదు. మన దేశీయ విమానాల్లో ఎకానమీలో చేతి సామాను మామూలుగా 7 కిలోలు. అందులో ఖాళీ బ్యాగే ఒకటిన్నర కిలో తినేస్తే ఏం మిగిలింది? కొనేటప్పుడు తూకం అడగడానికి మొహమాటపడొద్దు. ల్యాప్‌టాప్‌ అరకు వీపు వైపు విడిగా జిప్పున్న బ్యాగైతే తనిఖీ దగ్గర మొత్తం సామాను కెలకకుండా బయటికి తీయొచ్చు. ట్రేలో మాత్రం దాన్ని ఒంటరిగా పెట్టండి, మీద బెల్టూ తాళాలూ పడేయకండి.

గట్టి పెట్టెల సంగతి వేరు. అమెరికాలో 1976లో మొదలైన పెలికన్‌ సంస్థ చేసే పెట్టెలు ఈ రకంలో పేరున్నవి. గట్టి ప్లాస్టిక్‌ డొప్ప, మూత చుట్టూ రబ్బరు వలయం, లోపల యంత్రం ఆకారానికి కోసిన ఫోమ్‌. గాలి చొరనంత బిగుతుగా ఉండే ఇలాంటి పెట్టెను కొండ మీద మూసి కిందికి తెస్తే, లోపల ఒత్తిడి తక్కువై మూత తెరుచుకోదు. అందుకే ఒత్తిడి సరిచేసే చిన్న వాల్వు పెడతారు. అడవుల్లో సర్వే చేసేవాళ్లకు, డ్రోన్లు ఎగరేసేవాళ్లకు, షూటింగ్‌ బృందాలకు అది సరైన ఎన్నిక. రోజూ మెట్రో ఎక్కే ఉద్యోగికి కాదు. ఖాళీ పెట్టే ల్యాప్‌టాప్‌ కన్నా బరువు. పైగా ‘ఇందులో ఖరీదైనదేదో ఉంది’ అని దారిన పోయేవాళ్లందరికీ చాటుతుంది.

మన వాతావరణంలో బ్యాగు పడే అసలు పరీక్ష జూన్‌లో మొదలవుతుంది. బండి మీద వానలో వెళ్లేవాళ్లు బ్యాగుకు తొడిగే కవర్‌ను నమ్ముకుంటారు. ఆ కవర్‌ బయటి వైపును కప్పుతుంది, వీపును ఆనుకునే వైపు తెరిచే ఉంటుంది. హెల్మెట్‌ మీద నుంచి కారిన నీళ్లు మెడ వెనకగా దిగి అక్కడే చేరతాయి. చాలా బ్యాగుల్లో ల్యాప్‌టాప్‌ అర ఉండేదీ అక్కడే. ఇది మోతకు మంచిదే, బరువు వెన్నుకు దగ్గరగా ఉంటే భుజాలు లాగవు. వానకు మాత్రం చెడ్డది. బ్యాగు గుడ్డ నీళ్లు జారిపోయే రకమైనా జిప్పు పళ్ల సందుల నుంచీ, కుట్టు రంధ్రాల నుంచీ తడి లోపలికి పోతుంది. రెయిన్‌కోటును బ్యాగు మీదుగా తొడుక్కోవడమో, ల్యాప్‌టాప్‌ను మందపాటి ప్లాస్టిక్‌ కవర్‌లో చుట్టి స్లీవ్‌లో పెట్టడమో చేయాలి.

స్లీవ్‌ అంటే నియోప్రీన్‌తో చేసే ఆ మెత్తటి తొడుగు. గీతలు పడకుండా, దుమ్ము చేరకుండా ఆపుతుంది. దెబ్బకు అది ఒక్కటే చాలదు, అడుగున్న బ్యాగులో పెడితేనే దాని విలువ. అది వేడిని కూడా బయటికి పోనివ్వదు. మూత మూసేస్తే చాలు నిద్రపోయిందనుకుంటాం గానీ, కొన్ని యంత్రాలు బ్యాగులోనే మేలుకుని పనిచేస్తూ పొయ్యి మీద పెట్టినట్టు కాలిపోతుంటాయి. దూర ప్రయాణానికి పూర్తిగా ఆపేసి సర్దండి. మే నెల ఎండలో కారు డిక్కీలో వదిలేయడం ఇంకా చేటు.

సైజు దగ్గర చాలామంది మోసపోతారు. 15.6 అంగుళాలు అనేది తెరను మూల నుంచి మూలకు కొలిచిన కొలత, యంత్రం కొలత కాదు. తెర చుట్టూ అంచు వెడల్పుగా ఉన్న పాత మోడల్‌, సన్నగా ఉన్న కొత్త మోడల్‌ రెండిటికీ అదే అంకె. అర బిగుతైతే మూలలు చిరుగుతాయి, వదులైతే ప్రతి కుదుపుకూ లోపల అటూ ఇటూ కొట్టుకుంటుంది. పొడవు, వెడల్పు, మందం టేపుతో కొలిచి సెంటీమీటర్లలో రాసుకుని ఆన్‌లైన్‌లో వెతకండి.

గుడ్డ గురించి లేబుల్‌ మీద 600డి అనో 1680డి అనో ఉంటుంది. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంకె పెరిగితే దారం లావు, రాపిడిని తట్టుకునే శక్తీ సాధారణంగా ఎక్కువే. అయినా బ్యాగు పాడయ్యేది గుడ్డ చిరిగి కాదు, ముందు జిప్పు పోతుంది, లేదా భుజం పట్టీ కుట్టు ఊడుతుంది. పట్టీ పై కుట్టు దగ్గర లోపలి వైపు తిప్పి చూడండి. గడి ఆకారంలో కుట్టి, మధ్యలో అడ్డంగా గుణకారం గుర్తు వేసి ఉంటే గట్టిది. ఒకే వరుస కుట్టుంటే ఎన్నాళ్లో ఆగదు. వాడుతున్న బ్యాగులో అక్కడ దారాలు లేచినా భయం లేదు. బ్యాగులు బాగుచేసేవాళ్లు బస్టాండ్ల దగ్గరా, మార్కెట్‌ సందుల్లోనూ ఇంకా ఉన్నారు. నైలాన్‌ దారంతో మళ్లీ కుట్టించుకోండి, జిప్పు పళ్లు బాగుంటే రన్నర్‌ ఒక్కటే మార్పించుకోండి.