పసిబిడ్డతో విమాన ప్రయాణం: మూట కట్టే ముందు

పుట్టింట పురుడు పోసుకొని, బిడ్డకు నాలుగైదు నెలలు నిండగానే అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న భర్త చెంతకు బయలుదేరే యువతులు మా రఘునాథపల్లి ప్రాంతంలో ఈనాడు అరుదు కారు. వారి వెంట వైద్యశాలకు వచ్చే అమ్మమ్మలు మొట్టమొదట అడిగేది ఒక్కటే: "సారూ, బిడ్డ దారిల ఏడ్వకుండ పండేటట్టు ఏమన్న మందియ్యుండ్రి."

ఆ మందు నేను ఇవ్వను. పూర్వం కొందరు పసిపిల్లలకు నల్లమందు రవ్వంత నాకించేవారు. నేడు దాని స్థానంలో జలుబు సిరప్పు వచ్చింది. రెండూ శిశువు శ్వాసను మందగింపజేయగలవు. ఆకాశమార్గాన ఆపద వస్తే దిగి ఆసుపత్రికి పరుగెత్తే వీలుండదు కదా!

బిడ్డ ఏడ్పుకు తరచు కారణం చెవిపోటు. విమానం ఎంత ఎత్తున ఎగిరినా లోపలి గాలి పీడనం 6,000 నుండి 8,000 అడుగుల కొండపై ఉన్నట్లుంటుంది. దిగేటప్పుడు ఆ పీడనం పెరుగుతుంది. ముక్కు వెనుక నుండి చెవికి పోయే నాళం శిశువులో సన్నగా ఉండుటచే వెంటనే సర్దుకొనలేదు. చప్పరించి మ్రింగినప్పుడు అది తెరచుకొంటుంది. కనుక పైకి లేచేటప్పుడును, ముఖ్యంగా దిగుట మొదలైన నాటి నుండి నేల తాకే వరకును స్తన్యమిస్తూ ఉండవలెను. చెవిలో నూనె పోయుట వలన ప్రయోజనం లేదు. బిడ్డకు జలుబు గాని, చెవిలో చీము గాని ఉంటే శిశువైద్యునికి చూపి, అవసరమైతే ప్రయాణం వాయిదా వేయుట మేలు.

విమానంలోని గాలిలో తేమ చాలా తక్కువ, సాధారణంగా 20 శాతం లోపే. రూక్షమైన గాలి, ఎడతెగని కదలిక వాతాన్ని పెంచుతాయని మా శాస్త్రమతం. బయలుదేరే ముందునాడు గోరువెచ్చని నువ్వులనూనెతో మృదువుగా అభ్యంగనం చేసి స్నానం చేయించండి. ఆరు నెలల లోపు బిడ్డకు నీరు అక్కరలేదు, తల్లిపాలే చాలును. నీరు త్రాగవలసినది తల్లి.

సంచిలో అమ్మమ్మ పెట్టే వాటిలో నేను తీయించేవి కొన్ని ఉన్నాయి. మొదటిది తేనె. వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించుట మన ఆచారమే. అయినను తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి వలన ఏడాది లోపు శిశువుకు కండరాలు చచ్చుబడే ప్రమాదమున్నదని నేడు తెలిసినది. ఆచారం కన్నా బిడ్డ ముఖ్యం. రెండవది కర్పూరపు మూట. అది మూర్ఛ తెప్పించగలదు. భస్మాలు కలిసిన మాత్రలు కూడా వద్దు.

చేతిసంచిలో ఉండవలసినవి: గంటకొకటి చొప్పున డైపర్లు, రెండు జతల బట్టలు, పాత నూలుచీరతో కుట్టిన పలుచని బొంత, టీకాల పుస్తకం, వైద్యుడు బరువును బట్టి వ్రాసిచ్చిన జ్వరపు చుక్కల మందు, ఆ చీటీ. తల్లికి కూడా ఒక మార్పు చీర గాని, డ్రెస్సు గాని మరువవద్దు. బిడ్డ కక్కేది ఆమె మీదనే. అంతర్జాతీయ ప్రయాణంలో ద్రవపదార్థాలకు 100 మిల్లీలీటర్ల పరిమితి ఉన్నా, బిడ్డకు దారిలో కావలసిన పాలకు సడలింపు ఉంటుంది. తనిఖీ అధికారికి ముందే చెప్పవలెను. నేతిసీసా, ఆవకాయ పెద్ద పెట్టెలోకి. ఉగ్గుపొడి తీసుకొనిపోతే, దిగిన దేశంలో ఇచ్చే పత్రంలో తప్పక తెలుపవలెను. ఆస్ట్రేలియాలో దాచిన తినుబండారాలకు జరిమానా వేస్తారు.

రెండేళ్ల లోపు బిడ్డ తల్లి ఒడిలో కూర్చోవచ్చును గాని పాస్‌పోర్టు, వీసా వేరుగా ఉండవలసిందే. ముందు వరుసలో తగిలించే ఊయలతొట్టి కొద్దిమందికే దొరకును, టిక్కెట్టు కొన్ననాడే అడగండి. ఇక్కడి నుండి శంషాబాద్‌కు నూరు కిలోమీటర్లకు పైనే. భువనగిరి దగ్గర ఒకసారి ఆగి పాలిచ్చి, విమాన సమయానికి మూడు గంటల ముందే చేరునట్లు బయలుదేరండి.

చేరిన తరువాత కొన్ని రోజులు బిడ్డ రాత్రి మేల్కొని పగలు నిద్రించును. ఉదయపు వెలుతురు చూపుతూ ఉంటే సర్దుకొంటుంది, దానికి మందు లేదు. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం కనబడితే మాత్రం, ఇంటికి ఫోను చేసి అమ్మను అడుగుతూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.